చాటకు బెత్తెడు దూరం

లింగంపేట చర్చి వెనక వాడలో ఎవరికైనా టైము తెలియాలంటే ఈరవ్వ ఇంటి వైపు చూస్తే చాలు. పొద్దున ఎనిమిది కాగానే ముందరి అర్రలో, కిటికీ కింద, ఒళ్లో బీడీల చాట పెట్టుకుని కూర్చుంటుంది. పన్నెండింటికి తినడానికి లేస్తుంది. వీధి లైట్లు వెలిగేటప్పుడు చాట దించుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఇదే వరస. గాలికి తంబాకు లేచిపోతుందని బయట కూర్చోదు. తలుపు మాత్రం బార్లా తీసి పెట్టుకుంటుంది, దారిన పోయే ఏ ముచ్చటా తనను తప్పించుకుని పోకూడదని. కత్తెర ఆకును కోస్తూ ఉంటుంది, వేళ్లు తంబాకు పోసి చుట్టి దారం కట్టేస్తుంటాయి, నోరు ఎదురింటి భూదవ్వతో వాదన పెట్టుకుంటుంది. చేతుల వంక ఒక్కసారి కూడా చూడదు. ఆ చేతులకు ఆమెతో పని లేదు, వాటి పని అవి చేసుకుపోతాయి.

అలాంటి చేతులు ఆ బుధవారం ఆడలేదు. దానికంతటికీ కారణం కూతురు రూత్ చేసిన ఫోను.

రూత్ కామారెడ్డిలో ఒక బట్టల దుకాణంలో పని చేస్తుంది. ఇరవై రెండేళ్ల పిల్ల. ఆడపిల్లల హాస్టల్లో ఉంటుంది, ఆదివారం ఇంటికొస్తుంది. మధ్యలో ఫోను చేసిందంటే ఏదో ఒకటి ఉన్నట్టే లెక్క.

"అవ్వా, ఒక ముచ్చట చెప్త, కోపానికి రావొద్దు" అంది.

"కోపమొచ్చే ముచ్చటైతే వస్తది. చెప్పు."

ముచ్చట ఏమిటంటే కుక్కపిల్ల. బస్టాండు వెనక దొరికింది. రెండు నెలలది, గోధుమరంగు, కాళ్లు నాలుగూ తెల్లగా సున్నంలో ముంచినట్టు ఉంటాయట. వారం రోజులుగా హాస్టల్లో మంచం కింద దాచింది. మంచం కింద దాగే కుక్కపిల్ల ఏ లోకంలో ఉంది చెప్పండి. వార్డెన్ పట్టేసింది. ఆదివారం లోపల కుక్కన్నా పోవాలి, నువ్వన్నా పోవాలి అని చెప్పేసింది.

"ఆదివారం తీసుకొస్తున్న అవ్వా. మనింట్లనే ఉంటది. నేను వారం వారం రానే వస్త గద. నువ్వు జర సూసుకుంటే చాలు."

ఈరవ్వ వద్దని ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ వద్దంటే ఎందుకని అడుగుతుంది రూత్. ఆ ఎందుకనే మాటకు ఈరవ్వ దగ్గర ఒకటే జవాబు ఉంది, అది పన్నెండేళ్లుగా నోరు దాటలేదు. అందుకని, "సరే తీ, తీసుకరా" అనేసింది.

రూత్ ఎగిరి గంతేసినంత పని చేసింది. "అయితే ఇను. కుక్కపిల్ల వచ్చేకన్న ముందు ఇల్లు సదరాల్నంట. ఫోన్ల సూసి రాసుకున్న, పదహారున్నయి. చదువుతున్న."

చదివింది. కరెంటు వైర్లు నేల మీద ఉండకూడదు, కొరుకుతుంది. ఎలుకల మందు, ఫినాయిలు అందకుండా పెట్టాలి. చెప్పులు పైన పెట్టాలి. సూదులు, దారాలు, ప్లాస్టిక్ కవర్లు ఎత్తేయాలి. నీళ్ల తొట్టి మీద మూత ఉండాలి, పడి మునుగుతుంది. చాక్లెట్లు పెట్టకూడదు. ద్రాక్షపండ్లు పెట్టకూడదు.

"మనింట్ల చాక్లెట్లు ద్రాక్షలు ఎవరు తింటరే" అంది ఈరవ్వ.

"ఉల్లిగడ్డ గూడ పెట్టొద్దంట."

"గట్లనా" అంది గానీ ఆమె మనసు ఉల్లిగడ్డ మీద లేదు. ఆ చదువుతున్న వరసలో ఒక మాట వస్తుందని చెవులు రిక్కించి వింటోంది. పదమూడైంది, పద్నాలుగైంది, పదహారూ అయిపోయాయి. ఆ మాట రాలేదు.

"గంతేనా?"

"గంతే. ఎందుకు, ఇంకేమన్న ఉన్నదా?"

"ఏం లేదు తీ" అని ఫోను పెట్టేసి, ఈరవ్వ తన ఒళ్లోని చాట వంక చూసింది. చాట నిండా తంబాకు ఉంది.

ఆ పదహారు రాసిన వాళ్లెవరో ఏ పట్నంలోనో ఉండి ఉంటారు. వాళ్ల ఇళ్లలో ఫినాయిలు ఉంటుంది, చాక్లెట్లు ఉంటాయి, చాటెడు తంబాకు ఎందుకుంటుంది. మరి రూత్‌కైనా తోచొద్దా అంటే, ఆ పిల్ల పుట్టి కళ్లు తెరిచింది ఆ వాసనలోనే. దానికి తంబాకు ఇంట్లో ఒక వస్తువు కాదు, ఇంటి గాలి. గాలిని ఎవరు ఎత్తి పైన పెడతారు?

ఇప్పుడు ఆ పన్నెండేళ్ల కిందటి సంగతి చెప్పుకోవాలి. ఈరవ్వ అయితే చచ్చినా చెప్పదు.

రూత్‌కు పదేళ్లప్పుడు బడి నుంచి వస్తూ వస్తూ ఒక కుక్కపిల్లను తెచ్చింది. గుండ్రంగా ఉందని గుండు అని పేరు పెట్టింది. ఈరవ్వ దాన్ని మంచం కాలుకు కట్టేద్దామంటే ఇల్లెగిరిపోయేట్టు ఏడ్చింది పిల్ల. పోనీలే అని వదిలేసింది తల్లి. నెల రోజులు బాగానే గడిచాయి. ఒకనాడు కార్ఖానాకు బీడీలు ఇవ్వాల్సిన రోజు. పని ఇంకా మిగిలి ఉంది. పళ్లెం పక్కనే పెట్టుకుని ఎండుచేపల కూరతో రెండు ముద్దలు మింగి, చేయి కడగకుండా చీరకు తుడుచుకుని మళ్లీ తంబాకులో పెట్టింది. చేప తలకాయ ముక్క ఒకటి చాటలో పడింది, చూసుకోలేదు. నల్లా నీళ్లొచ్చాయని భూదవ్వ కేక వేసింది. చాట నేల మీద పెట్టి బిందె పట్టుకుని ఉరికింది ఈరవ్వ.

తిరిగొచ్చేసరికి చాట బోర్లాపడి ఉంది. గుండు ఆ కుప్పలో మూతి పెట్టి చేప కోసం వెతుకుతోంది, చేపతో పాటు దొరికిందంతా మింగుతోంది. ఈరవ్వ మొదట దాన్ని తిట్టింది. తంబాకంతా నాశనం చేశావు కదనే నీ పాడుగాను అని తిట్టింది. ఆ తిట్టు ఆమెకు ఇప్పటికీ గుర్తుంది. ఆ తర్వాతే దాని నోటి వెంట సొంగ కారడం చూసింది, కాళ్లు వణకడం చూసింది. పాలు పోసింది, నీళ్లు పోసింది. ఏం చేయాలో తెలియక ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మధ్యాహ్నం అన్నానికి వచ్చిన పెనిమిటి అబ్రాహాము, ప్రాణం లేని ఆ కుక్కపిల్లను గోనెసంచిలో చుట్టి మక్క చేను గట్టు మీద పూడ్చి వచ్చాడు.

నాలుగున్నరకు రూత్ బడి నుంచి వచ్చింది. "గుండేదే అవ్వా?" అంది.

"గొర్ల మంద పోయింది బిడ్డా ఇటు. దాని వెంట పోయింది" అంది ఈరవ్వ. అంత సులువుగా ఎలా వచ్చిందో ఆ మాట నోటికి.

పిల్ల నమ్మింది. నమ్మి ఊరుకుంటే బాగుండేది. ఊరి మీదుగా ఏ గొర్ల మంద పోయినా రోడ్డు మీదికి ఉరికేది. పదో తరగతిలో కూడా, జడలు వేసుకుని, బ్యాగు తగిలించుకుని, మంద వెంట నడుస్తూ, "అన్నా, మా గుండు మీ దగ్గరున్నదా, తోక కొసకు తెల్లగుంటది" అని అడిగేది. గొర్ల మెడల్లో గంటల చప్పుడు వినపడితే చాలు, ఈరవ్వ లేచి పెరట్లోకి వెళ్లిపోయేది.

అందుకని ఆ బుధవారం చేతులు ఆడలేదు.

పదహారు పనులూ ఆమెకు ఒక పూట పని. వైర్లు మేకులకు చుట్టింది, చెప్పులు గూట్లో పెట్టింది, తొట్టి మీద రేకు వేసి రాయి పెట్టింది. గురువారం పొద్దున పదిహేడోది మొదలుపెట్టింది. తంబాకు సంచి తీసి మూత బిగుసుగా ఉండే డబ్బాలో పోసి సజ్జ మీదికి ఎక్కించింది. అయిపోయిందనుకుని కింద కూర్చుంది. కూర్చున్న చోట నేల పగులు కనబడింది. పగులులో తంబాకు ఉంది.

అది మొదలు, ఇక కాలు గాలిన పిల్లి అయింది. మేకు తెచ్చి పగుళ్లన్నీ గీకింది. మంచం నులక సందుల్లో దులిపితే పొడి రాలింది. గోడ మీది క్యాలెండరు ఎత్తితే దాని వెనక ఉంది. కిటికీ చువ్వల అడుగున ఉంది. పప్పు డబ్బా మూత అంచున కూడా ఉంది, ఇన్నాళ్లూ ఇది తిన్నామా అనుకుంది. నేల కడిగింది, నీళ్లు కాఫీ రంగులో పోయాయి. రెండోసారి కడిగింది. మూడోసారి కడిగితే చాయ్ రంగులో పోయాయి. నాలుగోసారికి నడుము పట్టేసింది.

ఎదురింటి భూదవ్వ చీపురు చప్పుడుకు వచ్చి గడపలో నిలబడింది. ఆమెకు అరవై దాటాయి, ఆమెదీ బీడీల పనే. నోరు మాత్రం ఇరవై ఏళ్లది.

"ఏందే ఈరీ, మీ ఇంటికి కలెక్టరమ్మ గిట్ల వస్తున్నదా?"

"కుక్కపిల్ల వస్తున్నదక్కా."

భూదవ్వ గడప పట్టుకుని నవ్వింది. "కుక్కకోసమా గిదంత? సిత్రం గాకపోతే ఏందే. రూతు పుట్టినప్పుడు గూడ గింత కడగలే గద నువ్వు."

హాస్యానికే అంది పాపం. ఎవరి మీదైనా ఒక మాట వేయకపోతే ఆమెకు పూట గడవదు. కానీ ఈరవ్వ చేతిలో చీపురు ఆగిపోయింది. భూదవ్వ ఇంకేమేమో మాట్లాడి పోయింది, ఈరవ్వకు ఒక్కటీ చెవిన పడలేదు.

సాయంత్రం అబ్రాహాము రైస్ మిల్లు నుంచి వచ్చాడు. అక్కడ బస్తాలు మోస్తాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. తడి నేల, ఎక్కడివక్కడ ఎత్తిపెట్టిన సామాను, మధ్యలో చింపిరి జుట్టుతో భార్య. కాసేపు చూసి, "బిడ్డకు చెప్పెయ్యరాదూ" అన్నాడు.

"ఏం చెప్పాలె?"

"గదే. పీడ పోతది."

"పన్నెండేండ్లు చెప్పనిది గిప్పుడెట్ల చెప్త? బిడ్డ నా మొకం సూస్తదా? పూడ్చింది నువ్వే గద, నువ్వే చెప్పు."

"నేను పూడ్చిన. గొర్ల ముచ్చట చెప్పింది నువ్వు." అబ్రాహాము కాళ్లు కడుక్కుంటూ నిదానంగా అన్నాడు. "నువ్వు ఎంత కడిగినా రేపు మళ్ల తంబాకు ఇంట్లకే వస్తది. మనకు వేరే పని ఉన్నదా? అది ఎందుకు సచ్చిందో తెలిస్తెనే పిల్ల గూడ జాగ్రత్తగుంటది."

న్యాయమైన మాట. అందుకే ఈరవ్వకు ఒళ్లు మండింది. ఆ పూట కూర గిన్నె ఆయన ముందు కొంచెం గట్టిగానే పెట్టింది.

శుక్రవారం ఇల్లు వదిలి భూదవ్వ అరుగు మీద కూర్చుని చుట్టి చూసింది. పావుగంటలో గాలి వచ్చి సగం తంబాకు వీధిలోకి ఎత్తుకుపోయింది. భూదవ్వ కోళ్లు తుమ్మాయి. మళ్లీ చాట ఎత్తుకుని ఇంట్లోకి వచ్చింది. కూర్చోలేక లేచింది, లేచి నిలబడలేక ఆధార్ కార్డు కొంగున కట్టుకుని రోడ్డు మీదికి పోయి ఎల్లారెడ్డి బస్సెక్కింది. కండక్టరు ఆడవాళ్ల జీరో టికెట్ ఇస్తూ, "యాడికమ్మా?" అంటే, "పశువుల దవాఖానకు" అంది. పశువేదీ వెంట లేకపోయేసరికి ఆయన ఒకసారి సీటు కింద కూడా చూశాడు.

దవాఖానలో భూపాల్ అనే కాంపౌండరు ఒక బర్రెకు సూది వేసి చేతులు కడుక్కుంటున్నాడు.

"సారూ, కుక్కపిల్ల తంబాకు తింటే ఏమైతది?"

"తిన్నదా? ఎప్పుడు తిన్నది?"

"తినలేదు. ఇంకా ఇంటికే రాలేదు."

భూపాల్ ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. చూపు ఆమె వేళ్ల దగ్గర ఆగింది. వేళ్ల కొసలు పసుపూ కాదు, నలుపూ కాదు. "బీడీలు చేస్తవా అవ్వా?" అన్నాడు. గొంతు మెత్తబడింది. "చిన్న పిల్లకు కొంచెమైనా ఎక్కువే. సొంగ కారుతది, కక్కుతది, వణుకుతది. తిన్నదని తెలిస్తే పాలు పోసుకుంట కూసోవద్దు, ఆ గడియనే ఎత్తుకుని ఉరికి రావాలె. పాలతోని ఏం కాదు."

పాలతో ఏమీ కాదట. ఆనాడు గంటసేపు పాలు పోసుకుంటూ కూర్చుంది ఆమె. ఎల్లారెడ్డి ఎంత దూరమని. ఎత్తుకుని బస్సెక్కితే అయిపోయేది. ఈ ఆలోచన ఆమెకు పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా రాలేదు.

"ఇల్లంత కడిగిన సారూ. డబ్బల పెట్టి సజ్జ మీద పెట్టిన."

"మంచిదే. మరి నీ చేతులు? నీ చీర? కుక్కపిల్లలు చేతులు నాకుతయి, కొంగు నములుతయి. ఒళ్లెకే వస్తయి. స్నానం చేసి, చీర మార్చుకున్నంకనే ముట్టుకో. నువ్వు పని చేసేటప్పుడు అది చాట దగ్గరికి రాకుండ సూసుకో. గంతే."

తిరుగు బస్సులో ఈరవ్వ తన ఒడి వంక చూసుకుంటూ కూర్చుంది. చాట ఆనే చోట, తొడల మీద, చీర మీద గుండ్రంగా ఒక మరక. ఏ సబ్బుకూ పోనిది. ఇంట్లో కట్టే ప్రతి చీర మీదా అదే చోట అదే మరక ఉంది. నాలుగుసార్లు ఇల్లు కడిగింది గానీ, ఇంట్లో ఉన్న తంబాకులో సగం తానే అని తెలియలేదు. ఆమెకు ఏడుపొచ్చింది. బస్సులో పక్కన కూర్చున్నామె ఏమైందని అడిగితే కంట్లో దుమ్ము పడిందని చెప్పింది.

ఇంటికి రాగానే పెట్టె తెరిచి, చర్చికి కట్టుకునే చీరల్లో మరక లేనిది ఒకటి తీసి కొయ్యకు తగిలించింది. అది కుక్కపిల్ల చీర. దాన్ని కట్టుకుని బీడీ ముట్టదు, బీడీ చీర కట్టుకుని కుక్కను ముట్టదు. ఆదివారం పొద్దున స్నానం చేసి, ఆ చీర కట్టుకుని, గోళ్లు తీసుకుని తయారుగా ఉండాలి. ఇంతవరకూ కుదిరింది. కుదరనిది ఒక్కటే, ఆ మాట. పండుకున్నా లేచినా అదే. ఎట్లా మొదలుపెట్టాలి, బిడ్డ ఏమంటుంది, ఏమీ అనకుండా బ్యాగు సర్దుకుని పోతే ఎట్లా. చెప్పకుండానే గడిచిపోతుందేమోలే, చీర మారుస్తున్నాను కదా, అని శనివారం పొద్దుటికి మనసుకు సర్దిచెప్పుకుంది.

శనివారం మధ్యాహ్నం మూడింటికి, ఆదివారం సెలవు కాబట్టి ఉన్న ఆకు తెమల్చుకుందామని, పాత చీరతో, ఒళ్లో చాటతో కిటికీ కింద కూర్చుని ఉంది. వాకిట్లో ఆటో ఆగింది. వార్డెన్ ఆదివారం దాకా ఆగలేదట. రూత్ సగం పూట సెలవు పెట్టి వచ్చేసింది.

"అవ్వా, సూడు ఎవరొచ్చిండ్రో" అంటూ గడప దాటి, చంకలోని సంచిని నేల మీద పెట్టింది.

సంచి కదిలింది. తెల్ల కాళ్లు నాలుగు బయటికొచ్చాయి. కుక్కపిల్ల అటూ ఇటూ చూడలేదు, ఎవరో చెప్పి పంపినట్టు నేరుగా ఈరవ్వ దగ్గరికి ఉరికింది. ఒళ్లోకి రెండు కాళ్లు ఎత్తి చాటలో మూతి పెట్టింది.

ఈరవ్వ ఎట్లా లేచిందో ఆమెకే తెలియదు. చాట ఎగిరి గోడకు తగిలింది. నాలుగుసార్లు కడిగిన ఇంటి నిండా తంబాకు వానలా పడింది. కాలితో కుక్కపిల్లను అవతలికి నెట్టింది. అది కుయ్యోమంటూ మంచం కిందికి దూరింది.

"బయటికి తీసుకపో. బయటికి తీసుకపోవే దాన్ని" అని గొంతు చించుకుంది.

రూత్ మంచం కింద నుంచి దాన్ని తీసి గుండెకు హత్తుకుంది. మొహం ఎర్రబడింది. "ఇష్టం లేకుంటే ఫోన్లనే వద్దనొచ్చు గదనే. తన్నుడెందుకు నోరు లేనిదాన్ని?"

"మూతి సూడు, మూతి. నాకిందా? నోరు తెరిచి సూడు. కడుగు జల్ది." ఈరవ్వ చెంబు అందుకోబోయి, తన వేళ్లు చూసుకుని చేయి వెనక్కి తీసుకుంది. "నేను ముట్టొద్దు. నువ్వే కడుగు బిడ్డా, నీ చేతులు మంచిగున్నయి."

రూత్‌కు ఏమీ అర్థం కాలేదు. అయినా తల్లి వాలకం చూసి భయపడి, వాకిట్లోకి తీసుకుపోయి మూతి కడిగింది, నోట్లో వేలు పెట్టి తుడిచింది, వేలికి ఒక్క పొడీ అంటలేదు. "గింత ఆగం చేస్తరా అవ్వా? తంబాకే గద."

తంబాకే కదా అన్న ఆ మాటకు ఈరవ్వ గడప దాటి బయటికి వచ్చింది. అరుగు మీద కూలబడింది. ఇన్ని రోజులు కూడగట్టుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.

"గుండు గొర్ల వెంట పోలే బిడ్డా" అంది. "తంబాకు తిని నా ఒళ్లనే సచ్చిపోయింది."

చెప్పేసింది. చేప తలకాయ సంగతి, చేయి కడగని సంగతి, తిట్టిన సంగతి, పాలు పోస్తూ కూర్చున్న సంగతి అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ బిడ్డ మొహం వైపు చూడలేదు, కుక్కపిల్ల నోటి వైపే చూసింది. సొంగ కారుతుందా, కాళ్లు వణుకుతాయా, ఎత్తుకుని ఎల్లారెడ్డికి ఉరకాలా అని. అది మాత్రం రూత్ ఒళ్లో తన తోక తానే పట్టుకోవాలని చూస్తూ ఉంది.

రూత్ కుక్కపిల్లను ఇంకొంచెం దగ్గరికి తీసుకుంది. తర్వాత, "ఏడ పెట్టిండ్రు?" అంది.

"మక్క చేను గట్టు మీద. మీ బాపు పెట్టిండు."

"ఎన్ని మందలను అడిగిన నేను."

"ఎరుకే."

"నేను అడగవోయినప్పుడల్ల నువ్వు పెరట్లకు పోతుంటివి. నీకు గొర్ల వాసన పడదనుకున్న." రూత్ కళ్లు తుడుచుకుంది. కోపముంది ఆ తుడుచుకోవడంలో. "నాకు చెప్తే ఏమైతుండె? ఏడుస్తుంటి, ఊకుంటుంటి. గిన్నేండ్లు ఎదురుసూడకపోతుంటి గద."

 తప్పైందని ఈరవ్వ అనలేకపోయింది, అది సరిపోయే మాట కాదు కాబట్టి.

అరగంట గడిచింది. గంట గడిచింది. ఇద్దరూ అరుగు మీదే, కుక్కపిల్ల మీద కళ్లు పెట్టుకుని. అటుగా వచ్చిన భూదవ్వ కూడా ఇద్దరి మొహాలూ చూసి ఒక్క మాటా వేయకుండా వెనక్కి తిరిగింది. కుక్కపిల్ల కక్కలేదు, వణకలేదు. ఆడి ఆడి నిద్రపోయింది. ఈరవ్వ దాని పొట్ట లేచి దిగడం చూస్తూ ఉంది.

"దాన్ని కట్టేస్తనంటే నేనే వద్దన్న" అంది రూత్ ఉన్నట్టుండి. "యాదికున్నది నాకు. నేనే ఏడ్చిన."

"నువ్వు పదేండ్ల పోరివి. నాకు నలభై దగ్గరవడ్డయి. నీ మీద వేసుకోకు."

రూత్ తలుపులోంచి లోపలికి చూసింది. కిటికీ కింద బోర్లాపడిన చాట, మంచం కింది దాకా చెదిరిన తంబాకు.

"అవ్వా."

"ఊఁ."

"గింతంత తింటేనే సచ్చిపోతే, మరి నేనెట్ల బతికిన? నేను గూడ గీ ఇంట్లనే, గీ నేల మీదనే పాకిన గద."

నిష్ఠూరానికి అడగలేదు. నిజంగానే అడిగింది. గురువారం భూదవ్వ మాటకు చీపురు ఆగిపోయింది ఇందుకే. ఈరవ్వ లేచింది. చేతులు సబ్బు పెట్టి రెండుసార్లు కడుక్కుంది. లోపలికి పోయి, ఇనుప పెట్టె అడుగు దాకా చేయి పెట్టి వెతికి, చుట్ట చుట్టిన పాత చీర పట్టీ ఒకటి తెచ్చి రూత్ చేతిలో పెట్టింది. ఒకప్పుడు ఎరుపు కావచ్చు. ఒక కొసన చిన్న నడుముకు సరిపోయే ఉచ్చు ఉంది. రెండో కొస పొడుగునా ముడులే.

"ఇదేందే?"

"నువ్వు పాకుడు మొదలువెట్టిన్నాడు చింపిన. ఉచ్చు నీ నడుముకు, ఈ కొస మంచం కాలుకు. చాట కిటికీ కింద. నువ్వు ఎంత గుంజినా, ఎంత చెయ్యి సాపినా చాట నీకు బెత్తెడు దూరం. నేను రోజు కొలుస్తుంటి. నువ్వు ఏడ్చుకుంట గుంజుతుంటివి, నేను ఏడ్చుకుంట చుడుతుంటి. మూడేండ్లు నిండి, నీకు చెప్తే తెలిసేదాక."

రూత్ పట్టీ మీద వేళ్లు జరుపుతూ ఉంది. "మరి గిన్ని ముడులేందే?"

"నీ చెయ్యి పొడుగైనప్పుడల్ల ఒకటి" అంది ఈరవ్వ. "పొడుగైతే అందుతది గద. అందుకని జర పొట్టి చేస్తుంటి."

రూత్ ముడులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదకొండో దానిదాకా వచ్చి ఆపేసింది. ఆపి, తల్లి భుజానికి తల ఆనించబోయింది.

"ఆగు, చీర మార్చుకొస్త" అంది ఈరవ్వ. "ఇది మంచిది కాదు."

"ఉండనియ్యి. పుట్టిన్నుంచి ఉన్నదే గద" అని రూత్ తల ఆనించింది. కుక్కపిల్ల నిద్రలో కాలు తన్నింది.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి ఇల్లు ఐదోసారి కడిగారు. ఈరవ్వ స్నానం చేసి కొయ్యన ఉన్న చీర కట్టుకుని వచ్చేదాకా రూత్ కుక్కపిల్లను ఆమెకు ఇవ్వలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అబ్రాహాము ముందు నడవగా మక్క చేను గట్టు దాకా పోయి చూసి వచ్చింది రూత్. అక్కడ ఇప్పుడు కంచె రాయి తప్ప ఏమీ లేదు. అయినా కాసేపు నిలబడింది.

సోమవారం పొద్దున బస్సుకు ఇంకా గంట ఉందనగా, ఈరవ్వ పని చీర కట్టుకుని కిటికీ కింద కూర్చుంది. చాట ఒళ్లో ఉన్నంతసేపే కట్టేయాలి, దించగానే విప్పేయాలి అని ఒప్పందం. రూత్ ఆ పాత చీర పట్టీ ఉచ్చును కుక్కపిల్ల ముందు కాళ్ల వెనక నుంచి తొడిగి, రెండో కొస మంచం కాలుకు కట్టింది. కుక్కపిల్ల ఊరుకుంటుందా, చాట కనబడగానే ఒక్క ఉరుకు ఉరికింది. పట్టీ బిగిసింది. ముందు కాళ్లు గాలిలోకి లేచాయి, మెడ సాగింది, ముక్కు సాగింది. చాట అంచుకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది.

ఈరవ్వ బిడ్డ వైపు చూసింది. "సరిపోయింది" అంది.

రూత్ నేల మీద కూర్చుని ఆ బెత్తెడు జాగాను చేత్తో కొలిచి చూసింది. "ఇది ఇంకా పెరుగుతది గదనే" అంది. మంచం కాలు దగ్గరికి జరిగి, పట్టీ విప్పి, పాత ముడుల పక్కన ఇంకో ముడి వేసి మళ్లీ కట్టింది.